తప్పుతో పాటు దెబ్బ కూడా

తప్పు చేసిన మనిషి తన మీద తాను దయ చూపుకోవచ్చా? ఈ ప్రశ్నకు మన ఇళ్లలో జవాబు దాదాపు ఒకటే: అట్ల చూపుకుంటే చెడిపోతారు. హైదరాబాద్ పాతబస్తీలో, ఛత్రినాకలోనో, గౌలిపురాలోనో ఇంటర్ చదివే పిల్ల ఫెయిలైందంటే, ఇంట్లోవాళ్లు అనకముందే ఆ మాటలన్నీ తనను తాను అనేసుకుని ఉంటుంది. పనికిరానిదాన్ని, అమ్మానాన్నల పైసలు దండగ చేసిన, నా వల్ల ఏదీ కాదు. ఇంట్లో తిట్లకైనా ఒక హద్దుంటుంది, పొద్దుగూకితే అమ్మే అన్నానికి పిలుస్తుంది. లోపలి తిట్లకు ఆ హద్దు లేదు. ఆ గొంతుకు బదులు చెప్పే చోటుగా ఒక నోట్‌బుక్కు పెట్టుకోమని, రోజూ కాసేపు రాసుకోమని మానసిక నిపుణులు చెబుతున్నారు. మంచి సలహానే. అయితే దాని ఫలితమంతా ఎలా రాస్తామన్న దాని మీద ఉంటుంది. ఎలా రాయాలో పాతబస్తీ భక్తి సంప్రదాయానికి చాలాకాలంగా తెలుసునని నా వాదన.

ముందు మన దగ్గర జరిగిందే చూద్దాం. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక, రోజుల వ్యవధిలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లు మూడు లక్షల మందికి పైనే. వాళ్లందరి జవాబు పత్రాలనూ ఫీజు లేకుండా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయికి అసలు వచ్చినవి 99 మార్కులని తేలింది. ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం అంటగట్టకూడదు. కానీ ఆ సున్నా ఒక సంగతి చూపిస్తుంది. లెక్క ఎక్కడో తప్పి ఉంటుందన్న అనుమానం కంటే, తప్పంతా నాదేనన్న నమ్మకం ఆ వయసులో త్వరగా కుదురుతుంది. లోపల కూర్చున్న న్యాయమూర్తి సాక్ష్యం అడగడు, అప్పీలు వినడు.

కాగితం మీద పెడితే ఈ తీర్పు మారుతుందా? అమెరికాలో జేమ్స్ పెన్నిబేకర్, సాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంతో ఈ పరిశోధన ఊపందుకుంది. కాలేజీ విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమను కుదిపేసిన సంఘటనల గురించి రాశారు. జరిగిందాన్నీ, అప్పుడు పడిన బాధనూ కలిపి రాసినవాళ్లు రాసిన వెంటనే దిగులుపడ్డా, తర్వాతి నెలల్లో వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఇక రాతలో ఉండాల్సిన దయ సంగతి. 2003లో మానసిక శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ స్వీయ కరుణకు మూడు అంగాలు చెప్పింది: తనతో మెత్తగా ఉండటం, ఈ బాధ నా ఒక్కరిదే కాదని గుర్తించడం, బాధను పెంచకుండా తుంచకుండా ఉన్నదున్నట్టు చూడటం. ఆ తర్వాత 2010లో షపీరా, మాంగ్రెయిన్ అనే పరిశోధకులు కొందరి చేత వారం రోజులు తమకు తామే కరుణతో ఉత్తరాలు రాయించారు. వాళ్లలో కుంగుబాటు తగ్గిందని, ఆ మేలు మూడు నెలల వరకూ నిలిచిందని తేలింది.

రోజు చివర తనను తాను పరిశీలించుకోవడం మతాలకు కొత్త కాదు. ఇస్లాంలో దాన్ని ముహాసబా అంటారు, అంటే తన లెక్క తాను చూసుకోవడం. స్వామి శివానంద తన శిష్యులకిచ్చిన ఆధ్యాత్మిక డైరీలో ఎన్ని అబద్ధాలాడావు, ఎన్నిసార్లు కోపం తెచ్చుకున్నావు, అందుకు ఏ శిక్ష వేసుకున్నావు అని గడులుండేవి. కోరి సాధనలోకి దిగిన పెద్దవాళ్లకు ఆ డైరీ పనికొచ్చి ఉండవచ్చు. ఇప్పటికే శిక్షలో మునిగిన పదిహేడేళ్ల పిల్లకు ఆ గడులిస్తే ఆమె వాటిని ఎంతో శ్రద్ధగా నింపుతుంది, ప్రమాదమంతా ఆ శ్రద్ధలోనే ఉంది.

ఇంకో రకం రాత గోలకొండ చెరసాలలో పుట్టింది. గోలకొండ సుల్తాను తానీషా కాలంలో ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నల మేనల్లుడు కంచర్ల గోపన్న, మన రామదాసు, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి ఖైదయ్యాడు. ఆ మేనమామల పేరుతోనే మహంకాళి గుడి ఇప్పటికీ పాతబస్తీ హరిబౌలిలో ఉంది. రామదాసు కీర్తనల్లో అందరికీ తెలిసిన ఒకదానిలో ఆయన రాముడికీ, సీతకూ, తమ్ముళ్లకూ చేయించిన నగలను ఖరీదులతో సహా ఏకరువు పెడతాడు, ఎవరబ్బ సొమ్మని నిలదీస్తాడు. కోపం అంతటితో ఆగక తిట్టుగా మారుతుంది. వెంటనే వెనక్కి తగ్గుతాడు, కానీ తిట్టలేదని బుకాయించడు, పాపినని నేల మీద పడి దొర్లడు. ఈ దెబ్బలు తట్టుకోలేక తిట్టానని చెప్పుకుంటాడు. తప్పు ఒప్పుకోవడంలోనే ఆ తప్పు చేయించిన నొప్పినీ చెప్పాడు. నోట్‌బుక్కులో రాయాల్సింది అచ్చంగా ఇదే. చెల్లి మీద అరిచాను అన్నది సగం లెక్క. రెండు రాత్రులు నిద్రలేదు, మార్కుల భయంతో ఉన్నాను, చెల్లి మీద అరిచాను అన్నది పూర్తి లెక్క. రెండో దానిలో తప్పు ఇసుమంత కూడా తగ్గలేదు, మనిషి మాత్రం కనిపించాడు.

రామదాసుకు ఎదురుగా రాముడున్నాడు. నోట్‌బుక్కులో ఎవరున్నారు? దయకు ఇద్దరు కావాలి, ఒకరు బాధపడాలి, ఇంకొకరు చూడాలి. రాత ఒక్క మనిషినే ఇద్దరిని చేస్తుంది. నిన్న రాసినవాణ్ణి ఇవాళ చదివేవాడు కాస్త దూరం నుంచి చూడగలడు. తనను తాను పేరుపెట్టి, నువ్వు అని సంబోధించుకున్నవాళ్లకు ఆందోళన తగ్గుతుందని మానసిక శాస్త్రవేత్త ఈథన్ క్రాస్ బృందం 2014లో చూపించింది. త్యాగయ్య మనసును పిలిచి మందలించిందీ, శతక కవులు మకుటంలో ఎవరినో ఒకరిని ఎదుట నిలుపుకున్నదీ ఈ దారిలోనే. లాల్‌దర్వాజ సింహవాహిని గుడిలో బోనాల మర్నాడు రంగం చెప్పేటప్పుడు పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ నోట అమ్మవారి మాట వినిపిస్తుంది. నన్ను సరిగా చూసుకోలేదని గద్దిస్తుంది, అదే ఊపిరిలో బిడ్డలను కాపాడుకుంటానంటుంది. గద్దింపు దగ్గరే ఆగిపోతే అది రంగం అనిపించుకోదు. నోట్‌బుక్కులో రాసుకునే పిల్లలు తమను తాము బిడ్డా అని పిలుచుకుంటే ఏం పోతుంది?

ఇట్ల రాసుకుంటే సోమరులవుతారని తల్లిదండ్రుల భయం. ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. వాళ్లకు ఆ చదువే ఈ గల్లీ దాటే దారి. అయితే 2012లో బ్రైన్స్, చెన్ ప్రచురించిన ప్రయోగాల్లో పరీక్ష సరిగా రాయని విద్యార్థుల్లో స్వీయ కరుణ మాటలు విన్నవాళ్లే రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివారు. ఆత్మవిశ్వాసం పెంచే పొగడ్త విన్నవాళ్లు కూడా అంతసేపు చదవలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. తప్పు చూస్తే ప్రాణం పోతుందనుకునేవాడు జవాబు పత్రం తెరవనే తెరవడు.

ఇంతకంటే లోతైన ఆక్షేపణ ధర్మం వైపు నుంచి వస్తుంది. క్షమించే హక్కు దెబ్బతిన్నవాడిది, లేదా దేవుడిది. నన్ను నేను క్షమించుకోవడమంటే ముద్దాయే జడ్జి కుర్చీ ఎక్కడం కాదా? ఈ మాటలో బలముంది. అందుకే క్షమనూ కరుణనూ కలపకూడదంటాను. చెల్లి క్షమించాలి, అది చెల్లి చేతిలోనిది, నోట్‌బుక్కు ఆ క్షమకు బదులు కాదు. కరుణ చేసే పని చెల్లి దగ్గరికి వెళ్లేంత ఓపిక మిగల్చడం. భగవద్గీత ఆరో అధ్యాయం తనను తానే పైకి తెచ్చుకోవాలని, కిందికి తోసుకోకూడదని చెబుతుంది. ఖురాన్ 39వ అధ్యాయంలో తమకు తామే అన్యాయం చేసుకున్నవారిని ఉద్దేశించి దైవదయ మీద ఆశ వదలొద్దన్న పిలుపుంది. ఆ రెండు గ్రంథాలూ నిరాశను వినయంగా లెక్కకట్టలేదు. తనను తాను తిట్టుకోవడంలోనూ అహం ఉంటుంది, లోకంలో నాకంటే చెడ్డవారు లేరనుకోవడం కూడా ఒక రకం గొప్పే కదా.

రాస్తూ రాస్తూ అదే బాధలో గింగిరాలు తిరిగే ప్రమాదం నిజమే. అవే వాక్యాలు వారాల తరబడి మళ్లీ మళ్లీ వస్తుంటే పేజీ మూసి మనిషితో మాట్లాడాలి. ఇంకో చిక్కు, రెండు గదుల ఇంట్లో అక్కచెల్లెళ్లు, నానమ్మ, అందరూ తిరిగే చోట నోట్‌బుక్కు ఎక్కడ దాస్తారు? దాచే వీల్లేకపోతే, రాసి చింపేసినా పనిలో కొంతభాగం అప్పటికే జరిగిపోతుంది. దొరికినా తల్లిదండ్రులు తెరవకూడదు, తెరిస్తే ఆ పిల్ల ఆ తర్వాత రాసేదంతా వాళ్లకోసమే అవుతుంది. ఒక్క సందర్భంలో ఈ నియమం చెల్లదు. చావు గురించిన మాటలు కంట పడితే మర్యాదలు పక్కనపెట్టి, పిల్లను ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చుని నేరుగా అడగాలి. 14416కి, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలీ మానస్‌కు ఫోన్ చేయాలి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.