మూలుగు

మూడు రోజులుగా మా సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ ఉతకడం మానేసి మూలుగుతోంది. స్విచ్ వేస్తే 'ఊఁ' అని చప్పుడు తప్ప లోపల చక్రం కదలదు. "మోటారు పోయింది సార్, కొత్తది వేయాల్సిందే" అన్నాడు మెకానిక్, వెనక మూత విప్పకుండానే. పోయినవాళ్లు మూలుగుతారా అన్న సందేహం అతను మెట్లు దిగి వెళ్లాక వచ్చింది. నా సందేహాలెప్పుడూ అంతే.

ఆదివారం ప్లగ్గు పీకి, మూత విప్పాను. కెపాసిటర్‌ను డిస్చార్జ్ చేసి మల్టీమీటర్ పెడితే మోటారు వైండింగులు రెండూ ఒకే కొలత చూపించాయి. ఉతికే మోటారు అటూ ఇటూ తిరగాలి కనక అవి సమానంగానే ఉండాలి. అంటే మోటారు బతికే ఉంది. పోయింది అరచేతిలో ఇమిడే కెపాసిటర్. దాని మీద 10 మైక్రోఫారడ్‌లని రాసుంది, మీటరు 2 దాటలేదు.

ఇంటికొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్క వైండింగుతో పుట్టే అయస్కాంత బలమూ అలా ఊగుతుందే కానీ తిరగదు. ఆగి ఉన్న రోటరును కుడికెంత లాగుతుందో ఎడమకూ అంతే లాగుతుంది. కవ్వం తాడు రెండు కొసలూ ఒకేసారి లాగినట్టు: చేతులు నొప్పెడతాయి, మజ్జిగ కదలదు. రెండో వైండింగులో కరెంటును దాదాపు పావు ఊపు ముందుకు జరపడమే కెపాసిటర్ పని. ఆ కాస్త తేడాతో బలం గిర్రున తిరుగుతుంది.

బెల్టు తీసి, స్విచ్ వేసి, చెక్క గరిటె కాడతో పుల్లీని కొంచెం నెట్టాను. (ఎవరికీ సిఫారసు చేయను. మా ఆవిడ చూడలేదు కాబట్టి సరిపోయింది.) తిరిగింది! ఆపి, ఎదురువైపు నెట్టాను. అదే ఉత్సాహంతో అటూ తిరిగింది. ఎటైనా దానికి ఒకటే.

యంత్రాన్ని చూపించి మనుషులకు నీతులు చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. అయినా గరిటె పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఇంటర్ అయ్యాక నేను కామర్స్‌లో చేరడానికి కారణం, ఆ రోజు బస్టాండులో కలిసిన స్నేహితుడు ఆ కాలేజీకి వెళ్తుండడమే. ముప్పయ్యేళ్లుగా ఆ వైపే తిరుగుతున్నాను. అదంతా నా నిర్ణయమని పిల్లలకు చెబుతాను కూడా.

కొత్త కెపాసిటర్ వంద రూపాయల లోపే దొరికింది. దాన్ని బిగిస్తుంటే ఇంకో సంగతి తట్టింది. తిరగలేని మోటారు మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, వైండింగు మీది వార్నిష్ మాడుతుంది. ఈ మూడు రోజులూ మేం "ఇంకోసారి వేసి చూడు" అనుకుంటూ స్విచ్ వేస్తూనే ఉన్నాం. మరికొన్నాళ్లు అలాగే వేసి ఉంటే మెకానిక్ మాట నిజమయ్యేది. అనుభవమున్నవాడు, చూడకుండానే చెప్పాడని మెచ్చుకునేవాణ్ని.

వంగి మోటారు దగ్గర వాసన చూశాను. లేతగా, మాడువాసన.