పునాదిలో మరుగైన రాయి

(ధ్యానభాగము: లూకా 6:47–49)



మామిడి పూత వచ్చినది. తోటలలో కావలి పాకలు వేసికొను దినములివి. మన జి. కొండూరు ప్రాంతమున తాటిదూలములకు కొదువలేదు. రాతియొద్దనే మన చేయి వెనుకాడును. మన యింటికి మంచి రాయి తెచ్చి, కావలివాని పాకకు దిబ్బమీది రాళ్లు చాలునందుము. మట్టిలో పోవుదానిని ఎవరు చూతురు?

తాపీమేస్త్రి రాతిని సుత్తితో తట్టి చూచును. ఖంగుమనినది గట్టి రాయి; మొద్దుగా పలికినదానిలో బీట యుండును. మేకుతో గీచినప్పుడు పొడి రాలినయెడల దానిని ప్రక్కన వేయును. గుండ్రాయి దొర్లును గనుక వెడల్పుగా, చదునుగా నున్నదానినే యెంచును. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చును; ఆ నెఱ్ఱెల లోతు దాటి గట్టినేల తగులువరకు త్రవ్వవలెను. రాతి తల నేలకు జానెడు ఎత్తున నిలిచినచో దూలమునకు చెమ్మయు చెదలును సులభముగా అంటవు.

ఇల్లు కట్టినవాడు లోతుగా త్రవ్వెనని లూకాయే వ్రాసెను. మత్తయిలో ఆ మాట లేదు. త్రవ్వుట మెప్పులేని పని గదా! 2024 వరదలలో బుడమేరు మళ్లింపు కాలువ గట్టు మన మండలమందలి కవులూరు వద్దనే తెగినది. నీటి బలము మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మేడకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. లేనిచో పడినవాని రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చును. మన పాకలో పండుకొనువారు కావలివాడును వాని బిడ్డలును. ఈ వారము ట్రాక్టరు రాళ్లు దించినప్పుడు, మనమే సుత్తి పట్టుకొని ఒక్కొక్కటి తట్టి చూతము.