వేసవి పండ్ల గంప

పూర్వగ్రంథాల్లో రహస్య సంకేతాలున్నాయనీ, హీబ్రూ తెలిస్తే అవి బయటపడతాయనీ మన యువకులు కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. బోయినపల్లి వైపు మస్జిదుల్లోనూ ఈ ప్రశ్న మాకు ఎదురయింది. గ్రంథప్రజలు చెప్పేదాన్ని నిజమనీ అనవద్దు, అబద్ధమనీ అనవద్దు అన్నది దైవప్రవక్త (సల్లం) బోధ. ఆ హద్దులోనే మాట్లాడుకుందాం.

పాత నిబంధనలో ఆమోసు గ్రంథం ఉంది. ఖుర్ఆన్‌లో ఆయన పేరు లేదు. ఆయన క్రీస్తుపూర్వం 8వ శతాబ్దపు మనిషి, పశువుల కాపరి, మేడిపండ్ల పనివాడు. దర్శనంలో ఆయనకు ఒక గంప కనిపించింది. ఏమి చూస్తున్నావని ప్రశ్న వచ్చింది. 'ఖయిత్స్' అన్నాడు, అంటే వేసవి పండ్లు. (అరబీలో మండువేసవిని 'ఖైజ్' అంటారు, రెండూ ఒకే మూలానివి.) వెంటనే 'ఖేత్స్' వచ్చిందని జవాబు. అంటే అంతం! తెలుగు బైబిలులో పండ్లకూ అంతానికీ పొంతన కనిపించదు. హీబ్రూ విన్న చెవికి మాత్రం గుండె ఝల్లుమంటుంది.

అంతం ఎవరికి? ఆ వెనువెంటనే ఉంది. సబ్త్ దినం ఎప్పుడు ముగుస్తుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముదామా అని కాచుకున్న వ్యాపారులకు. కొలపాత్ర చిన్నది, తూకపురాయి పెద్దది, త్రాసు దొంగది. తాలు కూడా గోధుమల లెక్కలోనే అమ్మేవారు. మన 'ముతఫ్ఫిఫీన్' సూరా మొదలయ్యేది కూడా కొలతల్లో మోసం చేసేవారికి హెచ్చరికతోనే. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఆ ఉత్తర రాజ్యం అష్షూరీయుల చేతిలో కూలిపోయింది.

ఇక యిర్మీయా గ్రంథంలో బాబెలును 'షేషఖ్' అన్నారు. అక్షరమాలలో మొదటి అక్షరానికి చివరిది, రెండోదానికి చివరి నుంచి రెండోది పెట్టి రాసే పద్ధతి అది. అదీ గుట్టు కాదు. 51వ అధ్యాయంలో ఒకే వాక్యంలో రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ గ్రంథాలు మాటతో ఆడినప్పుడు అర్థాన్నీ తామే విప్పి చెబుతున్నాయి.

మరి మనవాళ్లు చేస్తున్నదేమిటి? పరమగీతములో 'మహమద్దీమ్' అనే మాట ఉంది, అది మన ప్రవక్త (సల్లం) పేరేనని కరపత్రాల్లో వేస్తున్నారు. ఆయన ప్రస్తావన తౌరాతులో, ఇంజీలులో ఉందని అల్లాహ్ తెలిపాడు. మన విశ్వాసానికి అది చాలు. ఈ మాట మాత్రం అక్కడ పేరు కాదు, 'మనోహరం' అని చెప్పే సామాన్య నామం, పైగా బహువచనం. ఇదే పదం ఏకవచనంలో యెహెజ్కేలు 24వ అధ్యాయంలోనూ వస్తుంది. అక్కడ అది ఆ ప్రవక్త కళ్లకు ఇంపైన భార్య గురించి. ఆ సాయంత్రమే ఆమె మరణించింది. అక్కడ కూడా ఆ పేరే చదువుదామా?