దానమా, ఋణమా?

పేద స్త్రీకి అందే సహాయం దానమా, లేక సమాజం ఆమెకు తీర్చవలసిన ఋణమా అన్న ప్రశ్న తిరుపతి ప్రాంతంలో ప్రత్యేకమైన అర్థం సంతరించుకుంటుంది. కల్యాణానికి కుబేరుని వద్ద అప్పు చేసి, నేటికీ వడ్డి కడుతున్నాడని స్థలపురాణం చెప్పే శ్రీనివాసుడు ఇక్కడ వడ్డికాసులవాడు. దైవమే ఋణగ్రస్తుడైన చోట అప్పును అవమానంగా భావించనక్కరలేదు. ప్రతిఫలం కోరక, తగిన దేశకాలాలలో పాత్రునికి ఇచ్చేదే సాత్త్విక దానమని భగవద్గీత పదిహేడవ అధ్యాయం నిర్వచిస్తుంది. కానీ అది దాత మనస్సును శోధించినంతగా గ్రహీత గౌరవాన్ని విచారించదు.

ఆ గౌరవాన్ని నిలిపే మరో మార్గం ఇదే ప్రాంతంలో కనిపిస్తుంది. 1981లో గుత్తా మునిరత్నం తిరుపతిలో స్థాపించిన రాయలసీమ సేవా సమితి, తరువాత రాష్ట్రీయ సేవా సమితిగా, జనవ్యవహారంలో ‘రాస్’గా ఎదిగి, బాలవాడీల నుంచి కృషి విజ్ఞాన కేంద్రం వరకు, మహిళల పొదుపు సంఘాల వరకు విస్తరించింది. పొదుపు సంఘమంటే కొద్దిమంది స్త్రీలు క్రమంగా చిన్న మొత్తాలు కూడబెట్టి, తమలో తామే అప్పిచ్చుకునే వ్యవస్థ. 1982లో మొదలైన గ్రామీణ మహిళా, శిశు అభివృద్ధి పథకం డ్వాక్రా, 1992లో వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డు ప్రారంభించిన సంఘాల బ్యాంకు అనుసంధానం ఈ పద్ధతికి బలమిచ్చాయి. ఇందులో ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒక్కరే కనుక దాత, యాచకుల అంతరం తొలగుతుంది.

అయితే 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి రావడం, ఋణం కూడా బంధనం కాగలదని నిరూపించింది. పొదుపు చేయలేని వృద్ధురాలికి దానమే శరణ్యం. చేయగలిగిన స్త్రీకి తోటివారి నమ్మకమే మూలధనం. ఈ వివేచనే సేవాధర్మం.