ఆరు చెవుల మాట

మాట కూడా అప్పగింత వంటిదే. పొరుగువారు ఊరికి పోతూ మన ఇంట దాచిన మూట మనది కాదు. దాన్ని విప్పి చూసే అధికారం మనకు లేదు. ఒకరు తమ అవసరం కొద్దీ మనతో చెప్పుకున్న మాట కూడా అంతే. రహస్యం నాలుగు చెవుల మధ్య నిలుస్తుంది గాని ఆరు చెవుల పడితే నిలవదని పెద్దలంటారు. ఆ మూడవ జత చెవులను గూర్చి ఈ వారం ఆలోచిద్దాం.

మొయినాబాద్ నుండి చేవెళ్ల దాకా బీజాపూర్ రోడ్డు వెంట ప్లాట్ల వెంచర్లు, రిసార్టులు, కళాశాలలు ఎన్నో వెలిశాయి. ఇటువంటి సంస్థల వెబ్‌సైటు తెరిస్తే, మూలన ఒక చిన్న పెట్టె 'మీకు ఏం కావాలి?' అని పలకరించడం ఇప్పుడు మామూలయింది. ఒక రైతు కొడుకు అందులో తమ పొలం 1996 నాటి 111 జీవో పరిధిలోకి వస్తుందా అని అడుగుతాడు. అప్పు ఎంత ఉందో, ఎందుకు అమ్మదలచారో కూడా రాస్తాడు. ఒక తల్లి బిడ్డ మార్కులు, ఫీజు కట్టలేని తన స్థితి రాస్తుంది. తాము మాట్లాడేది ఆ వ్యాపారితో, ఆ కళాశాలతో అని వారి నమ్మకం. కాని ఆ పెట్టె చాలాసార్లు అద్దె సరుకు. దాన్ని నడిపేది మరొక కంపెనీ; మాటలు చేరేది ఆ కంపెనీ కంప్యూటర్లకు.

ఇందులో తప్పేముంది? దుకాణంలో గుమాస్తా కూడా వింటాడు గదా అని అడగవచ్చు. నిజమే. కాని గుమాస్తా యజమాని పని కోసం వింటాడు. విన్నదాన్ని రాత్రికి మరొకరికి అమ్ముకుంటే అతడు గుమాస్తా కాడు, చాటున పొంచి విన్నవాడు. భేదం చెవిలో లేదు, విన్నదాన్ని ఎవరి కోసం వాడుతున్నారన్న దానిలో ఉంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో సరిగ్గా ఈ ప్రశ్నే కోర్టుకెక్కింది. టెలిఫోను సంభాషణలను చాటుగా వినడాన్ని అరికట్టడానికి అక్కడ 1967లో చేసిన చట్టం కింద, ఇటీవలి సంవత్సరాలలో చాట్ పెట్టెలు వాడే వ్యాపారాలపై దావాలు పడ్డాయి. కొందరు న్యాయమూర్తులు, చాట్ కంపెనీ వ్యాపారి చేతిలోని టేప్‌రికార్డరు వంటిదేనన్నారు. మరికొందరు, ఆ మాటలను సొంతానికి వాడుకోగల శక్తి ఉంటే అది సాధనం కాదు, మూడవ మనిషేనన్నారు.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఈ చట్టం ప్రకారం పనిని మరొక కంపెనీకి అప్పగించాలంటే సరైన ఒప్పందం ఉండాలి. ఒప్పందంలో ఏమి రాసుకున్నా, ప్రజలకు జవాబుదారీ మాత్రం వ్యాపారియే. సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. పని తీరాక సమాచారాన్ని తాను చెరపాలి, అప్పగించిన కంపెనీ చేత కూడా చెరిపించాలి. భద్రతలో లోపం జరిగితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చు.

జరిమానాకు భయపడి చేసేది జాగ్రత్త మాత్రమే. 'అంగీకరిస్తున్నాను' అన్న గుర్తును నొక్కించుకున్నంత మాత్రాన అంతరాత్మ తీరిక చేసుకోరాదు. అవసరంలో ఉన్నవాడు చదవకుండానే నొక్కుతాడు. అతని తొందర మనకు అనుమతిపత్రం కాదు. చిన్న వ్యాపారికి చట్టమంతా చదివే తీరిక లేకపోవచ్చు. పెట్టెను అమ్మవచ్చిన వారిని మూడు ప్రశ్నలు అడిగే తీరిక ఉంటుంది: ఈ మాటలు ఎక్కడ ఉంటాయి? మీరు వీటిని సొంతానికి వాడుకుంటారా? నేను చెరపమంటే చెరుపుతారా? వచ్చిన జవాబును ఆ పెట్టె పైనే తేట తెలుగులో రెండు వాక్యాలుగా రాసి ఉంచడం కష్టం కాదు.

కూలికి మనిషిని పెట్టుకోవచ్చు, యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు. నమ్మకాన్ని మాత్రం అద్దెకివ్వలేము. మనల్ని నమ్మి చెప్పినవారికి ఆ మూడవ మనిషి ఎవరో తెలియదు, తెలిసినది మనమే. అందుకే జవాబు చెప్పవలసింది కూడా మనమే.