మరక ఎవరిది?

నేరం ఒప్పుకున్నవాడు నేరస్థుడే అని మనం తేలికగా నమ్ముతాం. 1986లో ఇంగ్లాండులోని ఎండర్‌బీ గ్రామంలో 15 ఏళ్ల బాలిక హత్యకు గురైంది. 17 ఏళ్ల కుర్రవాడొకడు తానే చంపానని పోలీసులకు చెప్పాడు. 1983లో పక్క ఊరిలో జరిగిన మరో బాలిక హత్య కూడా అతనిదేనని పోలీసుల అనుమానం. లెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ చేత డి.ఎన్.ఏ. పరీక్ష చేయించారు. రెండుచోట్లా దొరికిన వీర్యం (ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఈ మాట రాయక తప్పడం లేదు) ఒకే మనిషిది. ఆ కుర్రవాడిది మాత్రం కాదు! అసలు హంతకునికి 1988లో యావజ్జీవ శిక్ష పడింది.

మరక ఎవరిదో తెలిస్తే చాలదు, ఏమిటో కూడా తెలియాలి. గ్లాసు అంచున ఉన్నది లాలాజలమైతే అతడు నీళ్లు తాగాడని అనుకోవచ్చు. రక్తమైతే కథ వేరు. ఒకే మనిషిలోనైనా రక్తానికీ, లాలాజలానికీ డి.ఎన్.ఏ. మీది మిథైల్ గుర్తులు వేరుగా ఉంటాయి. వాటిని బట్టి ఇప్పుడు ఆ సంగతీ చెప్పగలుగుతున్నారు. కానీ అది ఇష్టంతో జరిగిందా, బలవంతంగానా అన్నది ఏ పరీక్షా చెప్పదు. మనుషులే తేల్చాలి.

ఇదే మన విచారణలో జరిగి, పరీక్ష ఫలితం ఇంకా రాలేదనుకోండి. ఆదివారం పూజ ముగిశాక ఆ కుర్రవాని తల్లిని మీరు పలకరించి ఉండేవారా?