గొంతు బాగోకపోతే దేవుడి ముందు పాడకూడదా?

ఈ వారం వీడియోలో నాదం, శ్రుతి, స్వరం, తాళం, కృతి అనే మాటలకి అర్థాలు చూశాం కదా. ఆ మాటల వెనకే ఒక ప్రశ్న ఉంది. సంగీతం నేర్చుకునేవాళ్లకే కాదు, పూజ గదిలో అందరూ హారతి పాట ఎత్తుకున్నప్పుడు గొంతు కలపాలా, ఊరుకోవాలా అని తటపటాయించే ప్రతి ఒక్కరికీ ఆ ప్రశ్న ఉంటుంది. గొంతు బాగోకపోతే దేవుడి ముందు పాడొచ్చా?

మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. "భావం ముఖ్యం, శ్రుతీ తాళం ఎవరు చూస్తారు, పాడెయ్" అనేది ఒకటి. "రాని పని ఎందుకు? వచ్చినవాళ్లు పాడతారు, నువ్వు కూర్చో" అనేది రెండోది. ఒకటి ప్రేమగా ఉంది, ఇంకోటి కటువుగా ఉంది. నాకైతే రెండూ సగం సగమే అనిపిస్తాయి. ఎందుకో తెలియాలంటే శ్రుతి అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి.

శ్రుతి అంటే వినడం, వినబడేది. వేదాన్ని శ్రుతి అంటాం, చెవితో విని నిలబెట్టుకున్నది కాబట్టి. సంగీతంలోనూ అదే మాట. తంబురాలో సాధారణంగా షడ్జం, పంచమం మోగుతూ ఉంటాయి, పాటంతా వాటిని ఆధారం చేసుకుని నడుస్తుంది. ఏడు స్వరాల్లో స, ప కదలవు. మిగతా ఐదూ రాగాన్ని బట్టి స్థానం మార్చుకుంటాయి.

ఇక్కడే నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. మన సంగీతంలో షడ్జం ఫలానా ఫ్రీక్వెన్సీలోనే ఉండాలని రూల్ లేదు. ఒకరు ఒకటో శ్రుతిలో పాడతారు, ఇంకొకరు ఐదో శ్రుతిలో. ఎవరి గొంతుకి ఏది హాయిగా ఉంటే అదే వాళ్ల 'స'. పంచమం మాత్రం ఎవరికైనా ఆ 'స'కి ఒకటిన్నర రెట్లు. స 200 హెర్ట్జ్ అయితే ప 300, స 240 అయితే ప 360. ఎక్కడ మొదలుపెట్టాలో మన ఇష్టం. ఆ తర్వాత స్వరానికీ స్వరానికీ ఉన్న సంబంధం మాత్రం మన ఇష్టం కాదు.

అంటే శ్రుతి ఏ గొంతునీ బయటికి పొమ్మనడం లేదు. బొంగురు గొంతుకీ ఒక 'స' ఉంది, కీచు గొంతుకీ ఉంది. శ్రుతి అడిగేది ఒక్కటే: ముందు విను, తర్వాత పాడు. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది రకాల భక్తిలో కూడా శ్రవణమే మొదటిది, కీర్తనం రెండోది.

ఇప్పుడు ఆ మొదటి జవాబు చూడండి. పదిమంది కూర్చుని భజన చేస్తుంటే ఒక్కరు ఆవేశంలో అందరి గొంతులూ ముంచేసి పాడారనుకోండి. ఆయన భక్తిని శంకించక్కర్లేదు. కానీ "నాకు భావం ఉంది" అన్న మాట పక్కవాళ్లని వినకపోవడానికి లైసెన్సు అవుతుందా? 'నేను' తగ్గాల్సిన చోటే 'నేను' పెరిగినట్టు కాదూ?

రెండో జవాబుకి మన సంప్రదాయమే ఒప్పుకోదు. త్యాగరాజస్వామి (1767–1847) ఘనరాగ పంచరత్నాలు చేశారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఉన్న ఆ ఐదు కృతులూ ఏళ్ల సాధన లేనిదే పట్టుబడవు. అదే ఆయన దివ్యనామ సంకీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా చేశారు. కృతిలో సంగీతపు పనితనం ఎక్కువ, సంగతులు ఒకదాని మీద ఒకటి పెరుగుతూ పోతాయి. దివ్యనామాల్లో వరస తేలిక, చరణాలన్నీ ఇంచుమించు ఒకే మెట్టులో సాగుతాయి, పదిమందీ కలిసి అందుకోవచ్చు. అంతటి విద్వాంసుడు మామూలు గొంతుల కోసం కూడా చోటు ఉంచితే, "నువ్వు కూర్చో" అనడానికి మనమెవరం?

మరి ఎంత విన్నా శ్రుతి చెవికి పట్టనివాళ్ల సంగతేంటి? అలాంటివాళ్లూ ఉంటారు, అది వాళ్ల తప్పు కాదు. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు పెద్దలు. తల్లి దగ్గరికి చేరలేకపోతే తండ్రి చెయ్యి పట్టుకోవచ్చు. ఆదితాళం 8 అక్షరాలు, 4+2+2. చేత్తో వేస్తూ, మెల్లగా నామం చెప్పుకున్నా ఆ గోష్ఠిలో ఉన్నట్టే. వినడం అక్కడా ఉంది.

శ్రుతి తప్పిందని దేవుడు మొహం తిప్పుకుంటాడని నేను అనుకోను. తప్పిన పాట కూడా ఆయనకి చేరుతుంది. కానీ శ్రుతి కోసం చేసే ప్రయత్నం మనకి అవసరం. మన గొంతు కంటే ముందు నుంచీ మోగుతున్నది ఒకటుందని, దానికి మనమే సర్దుకోవాలని అది రోజూ గుర్తుచేస్తుంది. ఇంట్లో అమ్మ మాట పూర్తవకముందే జవాబిచ్చే మనకి, ఆఫీసు మీటింగులో ఎదుటివాళ్ల మాట మధ్యలో మ్యూట్ తీసేసే మనకి, ఇది చిన్న సాధనేమీ కాదు.

ఈ వారం ఇలా చేసి చూడండి. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి, రెండు నిమిషాలు పాడకుండా వినండి. తర్వాత చిన్నగా 'స' అనండి. కలవకపోతే ఆగి, మళ్లీ వినండి. కలిసినప్పుడు మీకే తెలుస్తుంది: మీ గొంతు ఎక్కడ మొదలైందో, తంబురా ఎక్కడ ఆగిందో విడిగా వినపడదు.

వచ్చే వారం రాగం గురించి మాట్లాడుకుందాం. శ్రీరామ జయం.